నన్ను ఎవరో గమనిస్తున్నారు, మా ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు (అనంతపురం)

కుట్టుమిషను
8 జనవరి 2025, రాత్రి 1.12

ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

మాది అనంతపురం, పాతూరు. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బ్లౌజులు కుడతాను, ఫాల్, పికో చేస్తాను. మా ఆయన పోయి రెండేళ్లు దాటింది. పిల్లలు లేరు. పైవాటాలో నేనొక్కదాన్నే ఉంటాను. కింద అత్త, మరిది కుటుంబం.

ఆరు నెలలుగా నన్ను ఎవరో గమనిస్తున్నారు. రాత్రి పదకొండు దాటాక వీధి చివర ఒక బండి వచ్చి ఆగుతుంది. ఇంజను ఆపరు. కాసేపు అలాగే ఉండి వెళ్లిపోతుంది. తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తాయి, ఎత్తితే మాట్లాడరు. నేను కిటికీ తెరిస్తే వీధి దీపం ఆరిపోతుంది. మిషను తొక్కడం ఆపగానే దూరంగా లారీ మూడుసార్లు హారన్ కొడుతుంది. అన్నిటికంటే భయపెట్టింది ఇంకొకటి. నవంబరులో సప్తగిరి సర్కిల్ దగ్గర లైనింగు గుడ్డ కొని, ఎవరికీ చెప్పకుండా కోర్టు రోడ్డులో ఒక లాయరును కలిశాను. ఇంటికి వచ్చి చెప్పులు విప్పకముందే అత్త అడిగింది, ‘కోర్టు రోడ్డులో నీకేమి పని?’ అని.

ధర్మవరంలో ఉన్న చెల్లెలికి చెబితే ‘అక్కా, నువ్వు నిద్రపోవడం లేదు’ అంటుంది. అమ్మ కసాపురం తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. స్టేషనుకు వెళ్లాను. ‘ఎవరి మీద అనుమానం?’ అన్నారు. తెలియదన్నాను. ‘తెలియకుండా ఏమి రాయమంటావమ్మా’ అని మంచినీళ్లు ఇచ్చి పంపించారు. దాహం వేసి నేను వెళ్లలేదు.

నాకు పిచ్చి లేదు. ఈ మాటతో మొదలుపెడితే ఎదుటివాళ్ల ముఖం మారిపోతోంది. అందుకే చివర రాస్తున్నాను.

సీమ చినుకు
8 జనవరి, ఉదయం 7.40

అక్కా, ఒక సీసీ కెమెరా పెట్టించండి. బండి ఎవరిదో తేలిపోతుంది.

వేరుసెనగ
8 జనవరి, ఉదయం 9.05

ఉన్నది ఉన్నట్టు చెబుతాను, కోప్పడకండి. రాత్రి ఒంటిగంటకు రాస్తున్నారు. దీపం, లారీ, బండి అన్నీ మీకోసమేనా? ఊళ్లో మిగతా జనానికి పని లేదా? మీ చెల్లెలు చెప్పింది వినండి. మంచి డాక్టరును కలవండి.

ఉల్లిగడ్డ
8 జనవరి, ఉదయం 9.31

వేరుసెనగ గారూ, ఈ మాట నేను 2019లో కర్నూలులో ఎనిమిది నెలలు విన్నాను. ‘నీ కోసమే తిరుగుతున్నాడా, వాడికి వేరే పని లేదా’ అని. ఉందో లేదో కానీ, తిరిగింది మాత్రం నా కోసమే. నేను పాఠం చెప్పే కాలేజీ గేటు దగ్గర, సీ క్యాంపు రైతుబజారులో, కొండారెడ్డి బురుజు దగ్గర బస్సు దిగితే అక్కడ. మా నాన్న కూడా నమ్మలేదు. వాడు చేసే పనుల కంటే నాన్న నా వైపు చూసిన ఆ చూపు ఎక్కువ రోజులు బాధపెట్టింది.

కుట్టుమిషను గారూ, మీకు ఒక పని చెబుతాను. ఒక నోటుపుస్తకం తీసుకోండి. కుడిపేజీలో చూసింది, విన్నది మాత్రమే రాయండి. తేదీ, సమయం, బండి రంగు, పక్కన ఇంకెవరు ఉన్నారు. ఎడమపేజీలో మీరు అనుకున్నది రాయండి. ‘నా కోసమే వచ్చాడు’ అన్నది ఎడమపేజీ మాట. ‘11.40కి ఎర్ర బండి, నాలుగు నిమిషాలు’ అన్నది కుడిపేజీ మాట. ఒకదాన్ని ఇంకోదానిలోకి పోనివ్వకండి. నా విషయంలో స్టేషనులో పని చేసింది నా ఏడుపు కాదు, కుడిపేజీలో ఉన్న పదిహేడు వరుసలు.

నిజం తెలిసినవాడు
8 జనవరి, రాత్రి 11.58

మీరు ఒంటరి కాదు. దేశమంతటా వేలమందిని ఇలాగే ఎంచుకుని వేధిస్తున్నారు. లారీ హారన్లు సంకేతాలు. పళ్లకు సిమెంటు పెట్టించుకున్నారా? దాని ద్వారా చిన్న చిప్పు లోపలికి పంపుతారు. ఇంట్లోవాళ్లను ముందే లోబరుచుకుని ఉంటారు, ఎవరినీ నమ్మకండి. డాక్టరు దగ్గరకు అసలు వెళ్లవద్దు, వాళ్లకు కావలసింది అదే. కిటికీలకు అల్యూమినియం రేకు అంటించండి. నాకు విడిగా సందేశం పంపితే మిగతాది చెబుతాను.

కుట్టుమిషను
9 జనవరి, రాత్రి 12.20

నిజమేనండీ. జూన్‌లో పన్నుకు సిమెంటు పెట్టించుకున్నాను. ఇదంతా మొదలైంది జూలైలోనే. మొదటిసారి నా మాట ఒకరికి అర్థమైంది.

హెచ్చెల్సీ
9 జనవరి, ఉదయం 5.15

నేను ఎక్కువగా రాసేవాడిని కాదు. ఈ ఒక్కటీ చదవండమ్మా.

2016లో తాడిపత్రిలో ఒక నాపరాళ్ల పాలిషింగు యూనిట్లో లెక్కలు రాసేవాడిని. మా నాన్న పోయిన ఏడాది అది. నిద్ర పట్టేది కాదు. రోడ్డు మీద పోయే లారీలు నా గురించి ఒకదానికొకటి చెప్పుకుంటున్నాయని మొదట అనుమానం వచ్చింది, తర్వాత నమ్మకం కుదిరింది, ఆ తర్వాత ‘తెలిసిపోయింది’. ఈ మూడింటి మధ్య గీత ఎక్కడ దాటానో ఇప్పటికీ చెప్పలేను. రెండు పొడవు హారన్లంటే ‘బయటికి వచ్చాడు’. ఒక పొట్టి హారన్ అంటే ‘లోపలికి పోయాడు’. లెక్కలవాడిని కదా, దానికీ ఒక పట్టిక గీశాను. పట్టిక చక్కగా సరిపోయేది. సరిపోని హారన్లను నేను అసలు ఎక్కించనేలేదని చాలా కాలం తర్వాత తెలిసింది.

మా మేనమామ ‘అదంతా నీ భ్రమ’ అనేవాడు. అన్న ప్రతిసారీ ఆయన కూడా వాళ్లతో కలిసిపోయాడని రాసుకున్నాను. స్నేహితుడొకడు నన్ను ఊరడించడానికి ‘అవునురా, నాకూ వినపడింది’ అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఫ్యూజులన్నీ పీకేశాను. ఈ రెండూ అననిది మా అక్క ఒక్కతే. ‘లారీల సంగతి నాకు తెలియదు. నువ్వు భయపడుతున్నావు, అది కనిపిస్తోంది. రెండు రోజులుగా తినలేదు, అదీ కనిపిస్తోంది. ముందు సంగటి తిను’ అంది. డాక్టరు దగ్గరకు కూడా లారీల కోసం రమ్మనలేదు, నిద్ర కోసం రమ్మంది. నిద్ర లేదన్నది నేనూ ఒప్పుకున్న సంగతే కదా, వెళ్లాను. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారు, మాత్రలు రాశారు. మొదటి వారం నోరు ఎండిపోయి, ఒళ్లు బరువెక్కి అందరినీ తిట్టాను. రెండు నెలలకు లారీలు లారీలయ్యాయి.

అంతకు ముందు నాకు బాగా హాని చేసింది ‘నిజం తెలిసినవాడు’ లాంటి మనిషే. నా పట్టికలో లేని గళ్లు కూడా గీసి ఇచ్చాడు.

మీకు ఉన్నది నా జబ్బేనని నేను అనడం లేదు. మీ అత్తకు కోర్టు రోడ్డు సంగతి ఎలా తెలిసిందో నాకూ అంతుపట్టలేదు. అది హారన్ లాంటిది కాదు. దానికి ఎక్కడో ఒక జవాబు ఉంటుంది, వెతకండి. కెమెరా మాత్రం ఇప్పుడే వద్దు. నేను పెట్టించుకుని రాత్రంతా తెర ముందు కూర్చునేవాడిని. ఉన్న కాస్త నిద్ర కూడా దానికే పోయింది.

నైట్ డ్యూటీ
9 జనవరి, ఉదయం 8.50

మానసిక వైద్య విభాగంలో నర్సును. హెచ్చెల్సీ అన్నగారి మాటకు ఒకటి కలుపుతాను. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో ఒకే మనిషి వెంటపడుతున్నాడని చెప్పిన 128 మందిని, గుంపుగా వెంటపడుతున్నారని చెప్పిన 128 మందిని పోల్చి చూశారు. మొదటివాళ్లలో భ్రమగా తేలింది నూటికి నలుగురు కూడా లేరు. రెండోవాళ్లలో అందరిదీ భ్రమగానే తేలింది. నేను చెప్పదలచింది దాని తర్వాతి మాట. కుంగుబాటు ఆ రెండోవాళ్లలోనే ఎక్కువ. కారణం భ్రమే కావచ్చు, బాధ భ్రమ కాదు. మా వార్డులో నవ్వే కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే.

నిద్ర తగ్గితే అనుమానం పెరుగుతుంది, అనుమానం పెరిగితే నిద్ర తగ్గుతుంది. ఏది ముందు అన్న వాదన మనకు అనవసరం. టెలీమానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ ఉంది, నంబరు 14416. ఉచితం, రాత్రి కూడా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ పంటికి సిమెంటు పెట్టిన డాక్టరు వాడింది సిమెంటేనమ్మా.

నిర్వాహకుడు
9 జనవరి, ఉదయం 10.00

‘నిజం తెలిసినవాడు’ ఖాతాను నిలిపివేశాం. డాక్టరు దగ్గరకు వెళ్లవద్దనీ, ఇంట్లోవాళ్లను నమ్మవద్దనీ, విడిగా మాట్లాడదామనీ ఒకే పోస్టులో చెప్పేవాళ్లకు ఇక్కడ చోటు లేదు.

కుట్టుమిషను
17 జనవరి, మధ్యాహ్నం 3.30

పండగ కుట్టు వల్ల జవాబు ఇవ్వలేదు. ఉల్లిగడ్డ గారు చెప్పినట్టు రాస్తున్నాను. వేరే పుస్తకం కొనలేదు, కొలతల పుస్తకంలోనే వెనుకనుంచి మొదలుపెట్టాను. ముందునుంచి ఛాతీ 36, చేతి పొడవు 9, వెనక నుంచి ఇది.

వారం రోజుల కుడిపేజీ: బండి నాలుగు రాత్రులు వచ్చింది, మూడు రాత్రులు రాలేదు. వచ్చిన నాలుగూ 11.30, 11.50 మధ్య. మాట్లాడని ఫోన్లు ఐదు. దీపం నేను కిటికీ తెరిచినప్పుడు ఆరింది రెండుసార్లు. తెరవకుండా పడుకుని సందులోంచి చూస్తే కూడా ఆరింది, ఆరుసార్లు. ఇది రాయాలని లేకపోయినా రాశాను.

లారీ హారన్లు లెక్కపెట్టలేకపోయాను. మూడు అని ఎందుకు అనుకున్నానో తెలియదు, ఒకటి, రెండు, ఐదు కూడా ఉన్నాయి.

కానీ 13వ తేదీ చెల్లెలి కోసం ధర్మవరం బస్సెక్కాను. బస్సు బత్తలపల్లి దాటకముందే మరిది భార్య ఫోను చేసి ‘ధర్మవరం పోతున్నావట, నాకు ఒక పట్టుచీర చూసి పెట్టు’ అంది. నేను ఎవరికీ చెప్పలేదు. చెల్లెలికి కూడా.

సీమ చినుకు
17 జనవరి, మధ్యాహ్నం 3.52

అక్కా, ఆగండి. నేను క్లాక్ టవర్ దగ్గర ఫోన్లు బాగుచేసే షాపులో పని చేస్తాను. వారానికి ఇద్దరైనా ఇలాగే వస్తారు, ఫోనులో ఎవరో దూరారని. ఎక్కువమంది ఫోన్లలో ఏమీ ఉండదు. ఉన్నప్పుడు మాత్రం దూరిన దొంగ ఉండడు, తలుపు మనమే తెరిచి పెట్టి ఉంటాం.

మీ ఫోనులో జీమెయిల్ ఖాతా ఎవరు తెరిచి ఇచ్చారు? సెట్టింగ్స్‌లో గూగుల్ అని ఉంటుంది. అందులో భద్రత, దాని కింద మీ పరికరాలు. అక్కడ ఎన్ని ఫోన్ల పేర్లు ఉన్నాయో చూడండి. తర్వాత వాట్సాప్‌లో పైన మూడు చుక్కలు నొక్కితే లింక్ చేసిన పరికరాలు అని వస్తుంది, అదీ చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ కూడా. ఏమి కనిపించినా చెరిపేయకండి, ముందు చెప్పండి.

కుట్టుమిషను
17 జనవరి, సాయంత్రం 6.10

రెండు ఫోన్లు ఉన్నాయి. ఒకటి నాది. రెండోది మా ఆయనది. ‘చివరిగా వాడినది: నేడు’ అని ఉంది.

ఆ ఫోను ఆయన పోయిన పదిహేనో రోజున మరిది అడిగితే ఇచ్చాను. ఫోటోలు దించుకుని ఇస్తానన్నాడు. మా ఆయనకూ నాకూ ఒకటే జీమెయిల్, ఆయనే తెరిచి పెట్టారు. వాట్సాప్‌లో కూడా ఒకటి లింక్ అయి ఉంది.

చేతులు వణుకుతున్నాయి.

ఉల్లిగడ్డ
17 జనవరి, సాయంత్రం 6.14

ఏదీ నొక్కకండి. చెల్లెలి ఫోనుతో ఈ తెరలన్నిటినీ ఫోటో తీయించండి, తేదీ కనపడాలి. కుడిపేజీలో రాయండి. కింద ఎవరికీ చెప్పకండి. ఈ రాత్రికి చెల్లెలి దగ్గరే ఉండండి.

కోర్టు రోడ్డు
17 జనవరి, రాత్రి 8.45

వకీలును. నవంబరులో మీరు కలిసిన లాయరును నేను కాదు లెండి. కోర్టు రోడ్డులో రాయి విసిరితే మా వాళ్ల మీదే పడుతుంది.

ఒక మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్ తదితర ఎలక్ట్రానిక్ సంభాషణలను మగవాడు నిఘా పెట్టి చూస్తే అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. పాత శిక్షాస్మృతిలో ఇది 2013లో చేరిన 354డి. మొదటిసారి మూడేళ్ల వరకు శిక్ష. అనుమతి లేకుండా ఖాతాలోకి వెళ్లినందుకు 2000 నాటి ఐటీ చట్టంలో 66వ సెక్షన్ ఉంది. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి. స్టేషనులో తీసుకోకపోతే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎస్పీకి తపాలాలో పంపవచ్చు. సోమవారాలు ఎస్పీ కార్యాలయంలో అర్జీలు నేరుగా తీసుకుంటారు. ఖర్చుకు భయపడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100.

ఇక అసలు సంగతి. ఆ ఇల్లు ఎవరి పేరున ఉంది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వాటాలో భార్య మొదటి తరగతి వారసురాలు. మీరు వకీలును కలవడం వాళ్లకు ఎందుకు అంత ముఖ్యమో నాకు కొంచెం అర్థమవుతోంది.

వేరుసెనగ
17 జనవరి, రాత్రి 9.20

నాది తొందరపాటు. క్షమించండమ్మా. డాక్టరు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కుట్టుమిషను
18 జనవరి, రాత్రి 2.05

ఇప్పుడు నమ్ముతారు కదా అందరూ. అన్నీ వాడే. బండి వాడు పంపినదే. లారీలవాళ్లకు వాడే డబ్బు ఇస్తున్నాడు. దీపం కూడా. కరెంటు ఆఫీసులో వాడికి తెలిసినవాళ్లు ఉన్నారు. నేను మొదటినుంచీ చెప్పిందంతా నిజమే.

హెచ్చెల్సీ
18 జనవరి, ఉదయం 5.00

ఇది రాస్తే మీకు నా మీద కోపం వస్తుంది. వచ్చినా ఫరవాలేదు.

ఫోను నిజం. మీ మరిది చేసింది దుర్మార్గం. మీ భయానికి పునాది ఉందని తేలింది, మిమ్మల్ని తేలిగ్గా తీసిపారేసినవాళ్లు సిగ్గుపడాలి. కానీ ఆ ఫోనులోంచి దీపం ఆరదమ్మా. మీరు కిటికీ తెరవకపోయినా ఆరుసార్లు ఆరిందని మీరే రాశారు. ఆ ఆరు వరుసలూ రాయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు, నా పట్టికలో నేను రాయలేకపోయాను. వాటిని ఇప్పుడు చెరిపేయకండి. రేపు స్టేషనులో ఫోను, లారీలు ఒకే అర్జీలో పెడితే, వాళ్లు లారీల దగ్గర నవ్వి ఫోనును కూడా పక్కన పెడతారు. మీ మరిదికి కావలసింది అదే.

కుట్టుమిషను
18 జనవరి, ఉదయం 5.40

మీరు కూడా వాళ్లలాగే మాట్లాడుతున్నారు.

సీమ చినుకు
29 జనవరి, రాత్రి 9.00

అక్కా, ఎలా ఉన్నారు? ఒక్క మాట రాయండి చాలు.

ఉల్లిగడ్డ
6 ఫిబ్రవరి, ఉదయం 10.10

నాకూ దిగులుగా ఉంది. ఎదుటివాళ్లు నమ్మగానే మనిషి తేలికపడుతుందని అందరూ అనుకుంటారు. నా మాట నిజమని తేలిన రోజున నేను రెండు రోజులు మంచం దిగలేదు. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఆ రోజే మీద పడింది. అందుకే హెచ్చెల్సీ గారి మీద ఆమె విసుక్కున్నందుకు నాకు ఆశ్చర్యం కలగలేదు.

పాత బీటు
6 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1.25

రిటైరైన హెడ్ కానిస్టేబుల్‌ను. ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను. నీళ్లు ఇచ్చి పంపినవాళ్లలో నేనూ ఉండేవాడినేమో, నా సర్వీసులో అలా ఎందరిని పంపానో లెక్క లేదు. ‘ఎవరి మీద అనుమానం’ అని కాక ‘ఏమేమి జరిగిందో తేదీలతో చెప్పండి’ అని అడిగి ఉంటే కొన్నయినా తేలేవి.

కుట్టుమిషను
2 మార్చి, సాయంత్రం 4.15

బాగానే ఉన్నాను. చెల్లెలి దగ్గర ఇరవై రోజులు ఉండి వచ్చాను. హెచ్చెల్సీ అన్నా, ఆ రోజు అన్న మాటకు ఏమీ అనుకోకండి.

చెల్లెలు చదివి, అర్జీలో లారీలు తీసేయించింది. గంటసేపు పోట్లాడాను. చివరికి ఫోను, వాట్సాప్, మాట్లాడని నంబర్లు మాత్రమే పెట్టాం, కుడిపేజీల నకళ్లతో. స్టేషనులో ఈసారి కూర్చోబెట్టి చదివారు. మరిదిని పిలిచారు. ‘వదిన ఒంటరిగా ఉంటుంది, జాగ్రత్త కోసం చూశాను’ అన్నాడు. జాగ్రత్త! అత్త వారంగా నాతో మాట్లాడడం లేదు. ఇంటి సంగతి ఉచిత వకీలు చూస్తున్నారు. ఫోటోలు తీసుకున్నాక సీమ చినుకు తమ్ముడి షాపులోనే కొత్త ఖాతా తెరిపించాను.

మాట్లాడని ఫోన్లు ఆగిపోయాయి. బండి ఆగలేదు. ఎవరిదో తేలలేదు.

నిద్ర కోసం డాక్టరు దగ్గరకు వెళ్లాను, నిద్ర కోసమే అని ముందే చెప్పి మరీ. ఆయన ఫోను కథ అంతా విని ‘ఇది ఎవరికి జరిగినా నిద్ర ఎగిరిపోతుంది’ అన్నారు. ఆ తర్వాత లారీల గురించి కూడా నేనే చెప్పాను. నవ్వలేదు, అవుననలేదు, రాసుకున్నారు. మాత్రలు మొదలుపెట్టి మూడు వారాలు. నోరు ఎండిపోతోంది, అన్న చెప్పినట్టే.

హెచ్చెల్సీ
2 మార్చి, సాయంత్రం 4.40

సోంపు నములుతూ ఉండండమ్మా. నీళ్లు పక్కన పెట్టుకోండి. మీ అంతట మీరు మాత్రలు ఆపకండి, నేను ఒకసారి ఆపి మళ్లీ మొదటికి వచ్చాను.

పాత బీటు
16 మార్చి, ఉదయం 11.00

అమ్మా, నిన్న పాతూరులో పనిమీద వచ్చి మీ వీధి చివరిదాకా నడిచాను. ఇల్లు ఏదో నాకు తెలియదు, అడగలేదు. స్తంభం మీద దీపానికి పోయే తీగ వదులుగా వేలాడుతోంది, గాలి వీస్తే తగిలి తగలనట్టు ఉంది. లైన్‌మన్‌కు చెప్పాను. బండి కోసం కూడా కాసేపు నిలబడ్డాను, ఆ రాత్రి రాలేదు.

కుట్టుమిషను
26 మార్చి, రాత్రి 10.30

ఉగాదికి పదకొండు బ్లౌజులు ఉన్నాయి, నాలుగు అయ్యాయి. దీపం బాగు చేశారు. ఇప్పుడు ఆరడం లేదు. నిన్న రాత్రి కిటికీ తెరిస్తే అది అలా కదలకుండా వెలుగుతూ ఉంటే, నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

ఎడమపేజీలో రాశాను.

ఉల్లిగడ్డ
26 మార్చి, రాత్రి 10.34

మిగతా ఏడింటికి చేతులు ఎంత పొడవు?

కుట్టుమిషను
26 మార్చి, రాత్రి 10.41

అందరివీ మోచేతి దాకానే. ఈ ఏడాది అదే ఫ్యాషను.